25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఎక్స్‌టీ60 కనెక్టర్ అతకదు

ప్రశ్న: సర్, నా ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కారుకి బ్రష్‌లెస్ మోటారు వేశాక పాత టామియా కనెక్టర్ బాగా కాలిపోతోంది, అందుకని ఎక్స్‌టీ60 పెడదామనుకున్నా. ఇంట్లో ఉన్న 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఎంతసేపు పట్టుకున్నా లెడ్ (సోల్డర్ తీగ) కరిగి సరిగ్గా పాకట్లేదు, అంటుకున్నా గరుకుగా ముద్దలా ఉండి వైరు లాగితే ఊడొచ్చేస్తోంది. పైగా ప్లాస్టిక్ మెత్తబడి ఒక పిన్ను ఒరిగిపోయింది. బ్యాటరీ 2ఎస్ లైపో (రెండు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్). - ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: టామియా మార్చాలనుకోవడం మంచి పనే, బ్రష్‌లెస్ మోటారు లాగే కరెంటుకి అది చాలదు. మీ చేతిలో లోపమేం లేదు, ఐరన్ చిన్నది అంతే. 12 గేజ్ లాంటి లావు వైరులో అంత రాగి ఉంటుంది కదా, మీరు ఇచ్చే వేడినంతా అది లాగేసుకుంటుంది, జాయింట్ దగ్గర లెడ్ పారేంత వేడి మిగలదు, మీరేమో ఇంకాసేపు పట్టుకుంటారు, ఈలోపు ప్లాస్టిక్ కరుగుతుంది. 60 వాట్లు లేదా అంతకంటే ఎక్కువది, ఉలి మొనలా వెడల్పు బిట్ ఉన్నది తీసుకోండి, 380 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే రెండు మూడు సెకన్లలో పనైపోతుంది. లెడ్ 60/40 రోజిన్ కోర్ (60 శాతం తగరం, 40 శాతం సీసం, లోపల గుగ్గిలం ఉండేది) వాడండి, ప్లంబింగ్ వాళ్ల యాసిడ్ పేస్ట్ మాత్రం వద్దు, తర్వాత వైరుని తినేస్తుంది.

ముందు హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) వైరుకి ఎక్కించేయండి (చాలామంది మర్చిపోయేది ఇదే). వైరు కొసకి విడిగా లెడ్ పట్టించి, పిన్ను గుంటలో కూడా సగం దాకా నింపి, అప్పుడు రెండూ కలిపి వేడి చేస్తే లెడ్ ఒక్కటైపోతుంది. ఆ పని చేసేటప్పుడు కనెక్టర్ జతలో రెండోదాన్ని, వైర్లేం లేనిదాన్ని, ఎదురుగా గుచ్చి ఉంచితే ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు కదలవు. చల్లారేదాకా వైరు కదపొద్దు, కదిలిస్తే మళ్లీ డ్రై సోల్డరే (పైకి అంటుకున్నట్టుండి ఊడొచ్చేది). ఒరిగిన కనెక్టర్ పారేయండి, మళ్లీ వాడొద్దు.

ఇక బ్యాటరీ వైపు, ఇది దయచేసి జాగ్రత్తగా చదవండి. రెండు వైర్లూ ఒకేసారి కట్ చేయొద్దు, కటర్ రెండింటికీ తగిలితే అక్కడికక్కడే షార్ట్, లైపో వందకి పైగా ఆంపియర్లు వదిలేస్తుంది. ఒకటి కట్ చేసి, అతికించి, స్లీవ్ కప్పేశాకే రెండోది. చిల్లులున్న కాంటాక్టులది బ్యాటరీకి, పుల్లల్లా ఉన్నది ఈఎస్‌సీకి (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్). కనెక్టర్ మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి, వైరు రంగుతో పోల్చి రెండుసార్లు చూడండి, తిరగేస్తే ఈఎస్‌సీ పోయినట్టే.

ప్రశ్న: బ్యాటరీ గుచ్చగానే టప్‌మని నిప్పురవ్వ వస్తోంది, ప్రమాదమా? - ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఈఎస్‌సీలో కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం వల్ల వస్తుందది. 2ఎస్, 3ఎస్‌కి భయం లేదు, గట్టిగా, త్వరగా గుచ్చండి చాలు. 6ఎస్ అయితే మాత్రం పిన్నులు మెల్లగా మాడిపోతాయి, లోపల రెసిస్టర్ ఉండి ఆ నిప్పురవ్వని ఆపే ఎక్స్‌టీ90-ఎస్ కనెక్టర్ పెట్టుకోండి.