డెమోక్రాట్లకూ రిపబ్లికన్లకూ అసలు తేడా ఎక్కడుంది?

అమెరికాలోని రెండు ప్రధాన పార్టీల మధ్య అసలు తేడా ఏమిటి, అక్కడ స్థిరపడిన తెలుగువారికి వాటిలో ఏది మేలు అని మీరు అడిగారు. పౌరసత్వం వచ్చాక మొదట టెక్సస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీలో, ఆ తరువాత న్యూజెర్సీలో ఓటు వేసిన అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను. ప్రజల అవసరాల్లో ఏది ప్రభుత్వం చూసుకోవాలి, ఏది కుటుంబానికీ మార్కెట్‌కూ వదిలేయాలి, ప్రభుత్వం చూసుకోవలసినది వాషింగ్టన్ చేయాలా రాష్ట్రం చేయాలా, దానికయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్నదే నా దృష్టిలో ఈ రెండు పార్టీల మధ్య అసలు వివాదం. అది అధ్యక్ష అభ్యర్థుల చర్చల్లో కన్నా రాష్ట్రాల్లోని నిత్యజీవితంలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ముందుగా చరిత్ర గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ల చర్చల్లో దాన్ని తరచూ తప్పుగా వాడుతుంటారు. రిపబ్లికన్ పార్టీ 1854లో, కొత్త భూభాగాలకు బానిసత్వం విస్తరించకూడదన్న పట్టుదలతో పుట్టింది. 1860లో లింకన్ ఆ పార్టీ తరఫున గెలిచిన తొలి అధ్యక్షుడు. అంతర్యుద్ధం తరువాత దాదాపు వందేళ్లపాటు దక్షిణాది రాష్ట్రాలు డెమోక్రాట్ల కంచుకోటలు, జాతి విచక్షణను కాపాడినది కూడా అక్కడి డెమోక్రాట్లే. 1930లలో డెమోక్రాట్ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉత్తరాది కార్మికులనూ, నగరాల్లోని వలస కుటుంబాలనూ, నల్లజాతి ఓటర్లనూ తన పార్టీవైపు తిప్పుకున్నారు. 1964లో జాతి విచక్షణను నిషేధించిన పౌరహక్కుల చట్టంపై డెమోక్రాట్ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశాక దక్షిణాది శ్వేతజాతి ఓటర్లు క్రమంగా రిపబ్లికన్లవైపు జరిగారు. ఆ చట్టానికి కాంగ్రెస్‌లో రిపబ్లికన్లు డెమోక్రాట్ల కన్నా ఎక్కువ నిష్పత్తిలో ఓటు వేసిన మాట నిజం. అదే ఏడాది రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా నిలిచిన బారీ గోల్డ్‌వాటర్ దాన్ని వ్యతిరేకించిన మాటా అంతే నిజం. కాబట్టి "బానిసత్వాన్ని రద్దు చేసిన పార్టీ మాది" అనో, "పౌరహక్కులు తెచ్చిన పార్టీ మాది" అనో చెప్పే వాదనలతో ఈనాటి పార్టీని అంచనా వేయలేము.

ఈనాటి తేడా తెలియాలంటే రెండు చట్టాలను చూస్తే చాలు. 2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం తుది ఓటింగులో ఒక్క రిపబ్లికన్ కూడా అనుకూలంగా ఓటు వేయలేదు. కంపెనీల ఆదాయపు పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి తగ్గించిన 2017 నాటి చట్టానికి ఒక్క డెమోక్రాట్ కూడా మద్దతు ఇవ్వలేదు. బీమా లేనివారికి బీమా కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని ఒక పక్షం, పన్ను తగ్గిస్తే పెట్టుబడి పెరిగి ఉద్యోగాలు వాటంతట అవే వస్తాయని మరో పక్షం నమ్ముతాయి. రెండు పక్షాల్లోనూ ఈ నమ్మకం నిజాయితీగా ఉన్నవారిని నేను చూశాను.

ఆ నమ్మకాలు మనిషి జీవితాన్ని ఎలా తాకుతాయో రిపబ్లికన్ల పట్టున్న టెక్సస్ నుంచి డెమోక్రాట్ల పట్టున్న న్యూజెర్సీకి మారినప్పుడే నాకు బాగా తెలిసింది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. జీతం చేతికి వచ్చినప్పుడు ఆ హాయి తెలుస్తుంది, అయితే బడులను నడపడానికి ఇంటిపన్ను భారీగానే వసూలు చేస్తారు. న్యూజెర్సీలో ఆదాయపు పన్నూ ఉంది, సగటున దేశంలోనే అత్యధికమైన ఇంటిపన్నూ ఉంది. కనీస వేతనం టెక్సస్‌లో ఇప్పటికీ 2009 నాటి కేంద్ర ప్రమాణమే, అంటే గంటకు 7.25 డాలర్లు. న్యూజెర్సీలో అది 15 డాలర్లు దాటింది. టెక్సస్‌లో 2021 నుంచి అర్హత గల పెద్దలు లైసెన్సు లేకుండానే బహిరంగంగా తుపాకీ ధరించవచ్చు, న్యూజెర్సీలో తుపాకీ కొనాలన్నా ముందు పోలీసు శాఖ ద్వారా అనుమతి పొందాలి. ఓటు వేసే పద్ధతి కూడా మారిపోయింది. టెక్సస్‌లో ప్రతిసారీ ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాను. న్యూజెర్సీలో సంతకం పెడితే దాన్ని పాత సంతకంతో పోల్చి చూసి పంపించారు. మోసాన్ని అరికట్టాలన్న ఆతృత ఒక పార్టీది, అర్హుడైన ఓటరు ఒక్కరు కూడా వెనుదిరగకూడదన్న ఆతృత మరొక పార్టీది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కదిలించినది మెడికెయిడ్, అంటే పేదల వైద్య బీమా. 2010 చట్టం దాన్ని పేదరికపు రేఖకు 138 శాతం వరకు ఆదాయం ఉన్న పెద్దలందరికీ విస్తరించింది. 2012లో సుప్రీంకోర్టు ఆ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. అదనపు ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తుంది, అయినా టెక్సస్ ఇప్పటికీ ఒప్పుకోలేదు. పేదరికపు రేఖకు పైన ఉన్నవారికే బీమా కొనుక్కోవడానికి రాయితీ దొరుకుతుంది కాబట్టి, అంతకన్నా పేదవాడైన, పిల్లలు లేని ఒక కూలీకి అక్కడ రాయితీ అందదు, మెడికెయిడ్ కూడా అందదు. నాకు బాగా తెలిసిన ఒక తెలుగు పెద్దాయన, పౌరసత్వం ఉండి కూడా, హోటల్ వంటగదిలో కొద్ది గంటల పని మీద బతుకుతూ ఈ సందులోనే ఇరుక్కుని, మధుమేహానికి మందులు సగం మోతాదులో వాడుకునేవారు. న్యూజెర్సీకి వచ్చాక అదే స్థితిలో ఉన్న మరొకరికి ఫ్యామిలీకేర్ పేరుతో నడిచే మెడికెయిడ్ కార్డు రావడం చూశాను. "రాష్ట్రం ఒకసారి ఒప్పుకుంటే ఆ ఖర్చు తరువాత ఎవరి నెత్తిన పడుతుంది" అని టెక్సస్ మిత్రులు అడిగే ప్రశ్న అర్థం లేనిది కాదు. కానీ ఆ పెద్దాయనను చూసిన తరువాత ఆ వాదన నన్ను ఒప్పించలేకపోయింది.

గర్భస్రావం విషయంలో 2022లో సుప్రీంకోర్టు ఆ హక్కును దేశమంతటా గుర్తించిన 1973 నాటి తన తీర్పును కొట్టివేశాక నిర్ణయం రాష్ట్రాలకు వచ్చింది. టెక్సస్ దాదాపు పూర్తిగా నిషేధించింది, న్యూజెర్సీ ఆ హక్కును అప్పటికే చట్టంలో రాసుకుంది. అయితే ఓటర్లు పార్టీ గీతల మీదే నడుస్తారనుకోవద్దు. అదే ఏడాది ఆగస్టులో రిపబ్లికన్లకు గట్టి పట్టున్న కాన్సస్‌లో, గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగం నుంచి తొలగించే ప్రతిపాదనను ప్రజలు దాదాపు 59 శాతం ఓట్లతో తిరస్కరించారు. 2020లో ట్రంప్‌ను గెలిపించిన ఫ్లోరిడా ఓటర్లు అదే రోజున కనీస వేతనాన్ని దశలవారీగా 15 డాలర్లకు పెంచే సవరణను కూడా గెలిపించారు.

మన దగ్గరి పార్టీలకు అలవాటుపడ్డవారు మరొక సంగతి గమనించాలి. అమెరికాలో టికెట్ ఇచ్చే అధిష్ఠానం లేదు, బి-ఫారం లేదు, ఫిరాయింపుల నిరోధక చట్టమూ లేదు. అభ్యర్థిని ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ముందస్తు ఎన్నికలో, మామూలు ఓటర్లే ఎంచుకుంటారు. టెక్సస్‌లో ఓటరు జాబితాలో పార్టీ పేరే ఉండదు. ప్రైమరీ రోజున ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవాలి. కాలిన్ కౌంటీలో కౌంటీ పదవులు చాలాకాలంగా రిపబ్లికన్లవే కాబట్టి అసలు పోటీ మార్చి నెలలోనే ముగిసిపోయేది. నేను పలుమార్లు ఆ పార్టీ బ్యాలెట్టే తీసుకుని, ఉన్నవారిలో నిదానస్తులనిపించిన వారికి ఓటు వేశాను. అక్కడ న్యాయమూర్తులు కూడా పార్టీ గుర్తింపుతోనే పోటీ చేస్తారు. ఒకే మీటతో పార్టీ మొత్తానికి ఓటు వేసే సౌకర్యాన్ని 2020 నుంచి తీసివేయడంతో ఆ పొడవాటి జాబితాలో ఒక్కొక్క పేరూ చదవక తప్పలేదు, అది నాకు ఎంతో మేలు చేసింది.

అధిష్ఠానం లేదు కాబట్టే పార్టీ మాట దాటి ఓటు వేసే సభ్యులు కనిపిస్తారు. 2017లో ఒబామా చట్టంలోని కీలక భాగాలను రద్దు చేసే బిల్లును సెనేట్‌లో ఓడించిన ఓట్లలో రిపబ్లికన్ జాన్ మెకెయిన్‌ది ఒకటి. 2021లో బైడెన్ భారీ సంక్షేమ బిల్లును ఆపినది ఆయన పార్టీకే చెందిన జో మాంచిన్. ఆ 2017 పన్ను చట్టంలోనే, రాష్ట్ర, స్థానిక పన్నులకు కేంద్ర పన్ను లెక్కలో ఇచ్చే మినహాయింపును 10,000 డాలర్లకు పరిమితం చేశారు. న్యూజెర్సీ ఇంటి యజమానులకు అది పెద్ద దెబ్బ కాబట్టి అక్కడి ఐదుగురు రిపబ్లికన్ ప్రతినిధుల్లో నలుగురు సొంత పార్టీ బిల్లుకే వ్యతిరేకంగా ఓటు వేశారు.

ఇక తెలుగువారికి ఏది మేలు అన్న ప్రశ్న. చాలామంది మనసులో ఉండేది వీసా, గ్రీన్ కార్డు. నా అభిప్రాయంలో ఈ ఒక్క విషయాన్ని పెట్టుకుని పార్టీని ఎంచుకోవడం సరికాదు, ఎందుకంటే అది పార్టీ గీతల మీద నడవదు. ఏ దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితిని ఉద్యోగ గ్రీన్ కార్డులకు తొలగించే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365 మంది మద్దతుతో నెగ్గింది. సెనేట్‌లో దాన్ని ముందుకు నడిపినవారిలో ముఖ్యుడు రిపబ్లికన్ మైక్ లీ, గట్టిగా అడ్డుపడినవారిలో డెమోక్రాట్ డిక్ డర్బిన్ ఉన్నారు. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించినా, రెండు సభలు ఆమోదించిన రూపాలు ఒకటి కాకముందే ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది. మరోవైపు, హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవారి జీవిత భాగస్వాముల్లో హెచ్-4 వీసా మీద ఉన్న కొందరికి ఉద్యోగ అనుమతి 2015లో ఒబామా ప్రభుత్వం ఇచ్చింది, మా తమ్ముడి భార్య ఆ అనుమతితోనే తిరిగి ఉద్యోగంలో చేరింది. దాన్ని రద్దు చేయాలని ట్రంప్ మొదటి ప్రభుత్వం ప్రయత్నించింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు 100,000 డాలర్ల రుసుము విధించినది కూడా ట్రంప్ ప్రభుత్వమే. అయితే డెమోక్రాట్లతో కలిసి కూర్చునే బెర్నీ సాండర్స్ కూడా, కంపెనీలు తక్కువ జీతానికి మనుషులను తెచ్చుకునే మార్గంగానే హెచ్-1బిని చాలాకాలంగా విమర్శిస్తున్నారు.

నా వరకు నేను మెడికెయిడ్, కనీస వేతనం కారణంగా రాష్ట్ర శాసనసభకు, కాంగ్రెస్‌కు ఎక్కువగా డెమోక్రాట్లకే ఓటు వేస్తాను. ఊరి ఖర్చులను, ఇంటిపన్నును అదుపులో పెడతామని లెక్కలతో వచ్చి వివరించిన రిపబ్లికన్లకు స్థానిక పదవుల్లో ఓటు వేశాను, మళ్లీ వేస్తాను కూడా. మీకు ఇంకా ఓటు హక్కు రాకపోయినా, మీరుండే చోట శాసనసభ్యుడు ఎవరో, బడి బోర్డులో ఎవరున్నారో ఇప్పుడే తెలుసుకోండి. వారి సభలకు వెళ్లి ప్రశ్న అడగడానికి చాలా చోట్ల పౌరసత్వం అక్కరలేదు.