మళ్ళీ లాక్‌డౌన్ లాంటిది వస్తే 30 మంది ఉన్న వర్క్‌షాపు ఓనరు ఏం చేయాలి?

మీరు అడిగినవి మూడు: మూతపడిన రోజులకు జీతం ఇవ్వాలా, పనివాళ్ళలో ఎవరికైనా కరోనా లాంటిది సోకితే నా మీద కేసు పెడతారా, పని లేనప్పుడు మనుషుల్ని తీసేయొచ్చా. నేను లాయర్ని కాను. 2020లో మన విశాఖ ఆటోనగర్‌లోనే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో హాజరు, జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ నేనే చూసేవాణ్ణి. 43 మందిమి. అప్పుడు తిన్న దెబ్బలే ఇక్కడ రాస్తున్నా.

జీతాలతో మొదలుపెడతాను, గొడవంతా అక్కడే. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఉత్తర్వు ఇచ్చింది: మూతపడిన కాలానికి కోత లేకుండా, ఇవ్వాల్సిన తేదీకే జీతం ఇవ్వాలి. మే 18 నుంచి అది పోయింది. లెక్కేస్తే 50 రోజులు. మా ఓనరు గారు మార్చి జీతం పూర్తిగానే ఇచ్చారు. ఏప్రిల్‌కి సగమే వేశారు. మాకు బిల్లులు రావాల్సిన పార్టీలు ఫోనే ఎత్తడం లేదు, కాబట్టి అక్కడిదాకా ఆయన్ని తప్పు పట్టను. తప్పు ఆ తరవాత జరిగింది. మే నెలాఖరులో ఒక కాగితం టైప్ చేయించి తెచ్చారు: ‘లాక్‌డౌన్ కాలపు జీతం పూర్తిగా ముట్టినది, ఇకపై ఎట్టి బకాయి లేదు.’ అందరి చేతా సంతకాలు పెట్టించమన్నారు.

గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నా. శానిటైజర్ రాసుకోనిదే ఎవర్నీ పెన్ను ముట్టుకోనిచ్చేవాళ్ళం కాదు. తడి చేతులకి సంతకాలు అలుక్కుపోయాయి, వేలిముద్రలైతే ఉత్త నీలం మరకలు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద అయిన ఒక రిగ్గర్ (బరువులు ఎత్తి దింపే పనివాడు) వచ్చాడు. చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ‘ఇందులో ఏటి రాసినారు బాబూ? సగం ఇచ్చినారనా, మొత్తం ఇచ్చినారనా?’ అన్నాడు. మొత్తం అని రాశారని చెప్పేశాను. ఆయన పెన్ను బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. వెనకున్నవాళ్ళు కూడా కదిలారు. ఓనరు గారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

తరవాత పనివాళ్ళు లేబర్ ఆఫీసుకి వెళ్ళారు. జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, ఆ 50 రోజుల జీతం సంగతి యజమానులు, కార్మికులు కూర్చుని తేల్చుకోవచ్చు, తేలకపోతే లేబర్ అధికారుల దగ్గర రాజీకి వెళ్ళాలి, ఈలోగా యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దు. లేబర్ ఆఫీసర్ మా కాగితం చూసి, ‘బ్యాంకులో సగం పడినట్టు కనబడుతుంటే ఇది దేనికి పనికొస్తుందండీ?’ అని పక్కన పెట్టారు. చివరికి ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఎంత రావాలి, ఎంత ముట్టింది, ఎంత వదులుకుంటున్నారు అని మూడు గడులు గీసి, చదివి వినిపించి రాయించాం. బకాయిలో సగం మూడు వాయిదాల్లో ఇచ్చారు. ఆ కాగితం మీద మళ్ళీ ఎవరూ పేచీ పెట్టలేదు.

అంటే రేపు అలాంటి ఉత్తర్వు వస్తే, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నడిచిందో ముందు రాసి పెట్టుకోండి. ఉత్తర్వు లేని రోజులకు మామూలు చట్టమే. లేఆఫ్ ఇస్తే, అంటే పని లేక తీసేయకుండా కొన్నాళ్ళు పక్కన కూర్చోబెడితే, మూల వేతనం, డీఏల్లో సగం పరిహారం అన్న నియమం 50 మంది కంటే తక్కువున్న చోట వర్తించదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ హద్దు అలాగే ఉంది. మీరు 30 మందే కాబట్టి తప్పించుకున్నట్టే అనుకోకండి, అపాయింట్‌మెంట్ లెటర్లో ఏం రాశారో చూడండి. తీసేయడం వేరే సంగతి. ఏడాది సర్వీసు నిండినవాళ్ళకి నెల నోటీసు గానీ నెల జీతం గానీ, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం ఇవ్వాల్సిందే. కొత్త కోడ్‌లో దీనికి తోడు రీస్కిల్లింగ్ ఫండ్‌కి (పని పోయినవాళ్ళు కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధి) ఇంకో 15 రోజుల జీతం కట్టాలి.

కేసుల భయం గురించి. పనివాడికి పాజిటివ్ వస్తే ఓనర్ని జైల్లో వేస్తారు, ఫ్యాక్టరీకి మూడు నెలలు సీలు వేస్తారు అని అప్పట్లో వాట్సాప్ నిండా అదే. 2020 ఏప్రిల్ 23న హోంశాఖే అది అపోహ అని రాష్ట్రాలకి లేఖ రాసింది. యజమాని తెలిసి, లేదా నిర్లక్ష్యంతో నియమాలు తప్పితేనే బాధ్యత. మాస్కులు, టెంపరేచర్ రిజిస్టర్ సరిగ్గా ఉంటే భయపడక్కర్లేదు. అయితే మా దగ్గర ఒకరి రిపోర్టు ఫొటో షెడ్డు గ్రూపులో పెట్టేశారు. మర్నాటికల్లా ఇంటి ఓనరు అతన్ని ఖాళీ చేయమన్నాడు. పేర్లు బయటపెట్టొద్దని ఆరోగ్యశాఖ అంతకుముందే చెప్పింది. ఆ పని మాత్రం చేయకండి. టీకా విషయంలోనూ ఎవర్నీ బలవంతపెట్టకూడదని సుప్రీంకోర్టు 2022 మే 2న చెప్పింది.

మళ్ళీ తెరిచే రోజు గురించి మన ఊరివాళ్ళకి వేరే చెప్పాలా? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో, లాక్‌డౌన్‌లో మూతపడిన ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విష రసాయనపు ఆవిరి ఊళ్ళోకి వచ్చింది. రెండు రోజులకే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు వచ్చాయి: మూతపడిన యూనిట్ తెరిచాక మొదటి వారం ట్రయల్ రన్‌గానే చూడాలి, ఉత్పత్తి టార్గెట్ల వెంట పడకూడదు. మాది గ్యాస్ సిలిండర్లు, కంప్రెసర్ ఉన్న చిన్న షెడ్డే. అయినా హోస్ పైపులన్నీ మార్చి గానీ కటింగ్ మొదలుపెట్టలేదు.

మీరు అడగలేదు గానీ, ఒకటి చెప్పాలి. ఈ నెల ఈఎస్ఐ చలానా తీసి, కాంట్రాక్టరు తెచ్చిన హెల్పర్ల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. 2021లో ఈఎస్ఐ తెచ్చిన కోవిడ్ రిలీఫ్ పథకంలో చనిపోయినవాళ్ళ కుటుంబానికి సగటు రోజు వేతనంలో 90 శాతం, ఎంత తక్కువైనా నెలకి 1,800 రూపాయలు పింఛన్ వచ్చేది. అయితే జబ్బు బయటపడడానికి కనీసం మూడు నెలల ముందే పేరు రిజిస్టర్ అయి ఉండాల్సి వచ్చేది. సెకండ్ వేవ్‌లో మా హెల్పర్ ఒకతను పోయాడు. కాంట్రాక్టరు అతని జీతంలోంచి ఈఎస్ఐ పట్టుకుంటూనే ఉన్నాడు, పేరు మాత్రం ఎక్కించలేదు. కాంట్రాక్టరు కట్టకపోతే ముందు కట్టాల్సింది అసలు యజమానే. ఆ రోజు అతని భార్య ఆధార్ కార్డు పట్టుకుని నా టేబుల్ ముందు నిలబడితే, నేను కంప్యూటర్లో అదే పేరు నాలుగుసార్లు కొట్టి చూశాను.