అమ్మేసిన బండికి రెడ్ సిగ్నల్ చలానా: సమాధానం

అన్నా, కావలిలో బండి అమ్మేశారు, కొన్నాయన ఆర్‌సీ మార్పించుకోలేదు, ఇప్పుడు ఒంగోల్లో సిగ్నల్ జంప్ చేసినట్టు చలానా మీ ఫోన్‌కి వచ్చింది. మీ ప్రశ్న ఇదే కదా? చిన్న మొత్తమే కదా అని కట్టేసి ఊరుకోవద్దు.

ముందు చలానాలో ఫోటో, తేదీ, టైము చూడండి. అవి అమ్మకం కాగితంలోని తేదీ తర్వాతవైతే, ఆ కాగితం, డబ్బు అందిన రుజువు, కొన్నాయన ఆధార్ కాపీ పట్టుకుని ట్రాఫిక్ స్టేషన్‌లో రాసివ్వండి. పోలీసులు అడిగితే నడిపిందెవరో చెప్పాల్సిన బాధ్యత యజమానిదే (మోటారు వాహనాల చట్టం సెక్షన్ 133). రసీదు మాత్రం మర్చిపోవద్దు.

అసలు టెన్షన్ పడాల్సింది చలానాకి కాదు. ఆ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెడ్ లైట్ దాటడం ప్రమాదకర డ్రైవింగ్ కింద కూడా వస్తుంది (సెక్షన్ 184): మొదటిసారికే 6 నెలల నుంచి ఏడాది జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఇది నడిపినవాడి మీదే. కానీ పక్క రోడ్డుకి గ్రీన్ పడి లారీ కదిలే టైములో అడ్డంగా దూరితే బైకు మీదున్నవాళ్లకి పక్కనుంచి ఏ రక్షణా ఉండదు. ఎవరైనా పోతే నష్టపరిహారం కేసు ఆర్‌సీలో పేరున్న మీ మెడకే చుట్టుకుంటుంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే.

అమ్మిన 14 రోజుల్లో ఫారం 29 (బండి అమ్మినట్టు ఆర్‌టీఓకి తెలిపే కాగితం) ఇవ్వాల్సింది. గడువు దాటినా రేపే ఆర్‌టీఓ ఆఫీసుకెళ్లండి, ఫారం 30 (ఆర్‌సీలో పేరు మార్పు దరఖాస్తు) మీద కొన్నాయన సంతకం పెట్టించండి. రానంటే లాయర్ నోటీసు పంపండి.