కాచిన నీళ్లు, సీసపు గొట్టం

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి మాధవికి పెద్దమ్మ దీవెనలు.

షికాగోలో మీరు కొన్న ఇల్లు ఎంతో నచ్చింది. 1920లలో కట్టిన ఆ ఇటుక ఇళ్లకు ఉండే అందం కొత్తవాటికి రాదు. అయితే నిన్న ఫోనులో నువ్వు "కొళాయి నీళ్లు బాగా కాచి చల్లార్చే బాబుకు పాలు కలుపుతున్నాను పెద్దమ్మా" అన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోనులో సగం చెప్పి వదిలేసే సంగతి కాదని రాస్తున్నాను.

కాచి చల్లార్చడం మనకు అమ్మమ్మల నాటి అలవాటు. కలరాకు, టైఫాయిడ్‌కు అది సరైన విరుగుడే. కానీ అలాంటి పాత ఇళ్లలో గొట్టం నుంచి కొళాయి నీళ్లలోకి సీసం దిగుతుంది. అది క్రిమి కాదు, లోహం. ఎంత మరిగించినా పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత ఇంకా పెరుగుతుంది. మా పెద్దమ్మాయికి ఏడాది పైగా నేనూ అలాగే పట్టాను, అప్పట్లో నాకు చెప్పినవాళ్లు లేరు. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. నీకు ఆ బాధ రాకూడదు.

మిషిగన్ సరస్సు నీరు శుద్ధి కేంద్రం నుంచి మంచిగానే బయలుదేరుతుంది. చెడేది చివరి కొన్ని అడుగుల్లోనే. వీధి కింది పెద్ద గొట్టం నుంచి ఇంట్లోకి వచ్చే సన్న గొట్టాన్ని ఈ ఊళ్లో సీసంతోనే వేయాలని నిబంధన ఉండేది. 1986లో దేశమంతటా కొత్తగా వేయడాన్ని నిషేధించేదాకా అదే పద్ధతి. అలాంటివి ఇక్కడ సుమారు 4 లక్షలు ఉన్నాయని లెక్క, అమెరికాలో మరే నగరంలోనూ అన్ని లేవు. మీ ఇంటి వయసు చూస్తే మీదీ అందులో ఒకటే అయి ఉంటుంది.

తేల్చుకోవడం కష్టం కాదు. బేస్‌మెంటులో నీళ్ల మీటరు దగ్గర గోడలోంచి వచ్చే గొట్టాన్ని తాళంచెవితో మెల్లగా గీరు. మెత్తగా గీత పడి వెండిలా మెరిస్తే, అయస్కాంతం అంటకపోతే, సీసం. ఉల్లిపాయలా ఉబ్బిన అతుకు కనిపిస్తే అనుమానమే అక్కరలేదు. గీత రాగి చెంబు రంగులో ఉంటే రాగి, అయస్కాంతం అంటితే ఇనుము. చూశాక చేతులు సబ్బుతో కడుక్కో.

అది తేలేదాకా కూడా ఆగవద్దు. ఈరోజే ఫిల్టరు కొను. డబ్బా మీద ఎన్‌ఎస్‌ఎఫ్ 53 (NSF 53) అనే ఫిల్టర్ల నాణ్యతా ప్రమాణం, దాంతోపాటు సీసాన్ని తగ్గిస్తుందన్న మాట, రెండూ ఉండాలి. రుచి కోసం అమ్మేవన్నీ సీసాన్ని ఆపవు. లోపలి కార్ట్రిడ్జ్‌ని చెప్పిన గడువుకు మార్చు, వేడినీళ్లు అందులో పోయకు. బాబు పాలకే కాదు, అన్నానికి, పప్పుకు, చారుకు, కాఫీ డికాక్షన్‌కు ఆ నీళ్లే వాడు. తొందరలో వేడినీళ్ల కొళాయి తిప్పి వంటకు పట్టవద్దు, వేడికి సీసం ఎక్కువగా కరుగుతుంది. స్నానానికి, బట్టలకు భయం లేదు, అది చర్మం గుండా లోపలికి పోదు.

రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లే అన్నిటికన్నా చెడ్డవి. తెల్లవారి లేవగానే వంటింటి చల్లనీళ్ల కొళాయిని కనీసం 5 నిమిషాలు వదిలెయ్యి. కొళాయి మూతిలో ఉండే చిన్న జల్లెడలో రేణువులు చేరతాయి, అప్పుడప్పుడు విప్పి కడుగు.

నగర సేవల నంబరు 311కు ఫోను చేస్తే నగరంవాళ్లు పరీక్ష కిట్ ఉచితంగా ఇస్తారు. అయితే ఒక్కసారి తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండకు. నీటిలో కలిపే ఫాస్ఫేటు వల్ల గొట్టం లోపల పూత ఏర్పడి సీసాన్ని చాలావరకు ఆపుతుంది. ఆ పూత రోడ్డు తవ్వినా, మీటరు మార్చినా రాలవచ్చు. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ ఊరి కథ విన్నావు కదా. 2014 ఏప్రిల్‌లో అక్కడ నది నీటికి మారి, గొట్టాలను కాపాడే ఆ మందు కలపకుండా వదిలేశారు. గొట్టాల సీసం నీళ్లలోకి దిగి ఊరు ఊరంతా అనుభవించింది.

అసలు మందు గొట్టం మార్చడమే. వీధి నుంచి మీటరు దాకా మొత్తం మార్పించు. సగం కోసి సగం ఉంచితే ఆ కోతకు కదిలిన సీసం కొన్నాళ్లపాటు నీటిలో మరింత దిగుతుంది. ఖర్చు పెద్దదే. మీకు వర్తించే సహాయ పథకం, రుసుము మినహాయింపు ఉన్నాయేమో ముందు నగరంవాళ్లనే అడుగు. వాళ్లంతట వాళ్లు వచ్చి అందరివీ మార్చేసరికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. బాబుకు ఆ వ్యవధి లేదు. పసివాళ్ల మెదడుకు ఇంత సీసం ఫరవాలేదనే హద్దు లేదమ్మా, పైకి ఏ లక్షణమూ కనిపించదు కూడా. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఇంటి సంగతి చెప్పి రక్త పరీక్ష గురించి అడుగు.

మీ అమ్మ పంపిన ఇత్తడి గిన్నె గురించీ ఒక మాట. గిన్నె లోపల పూసే కళాయి పూతలో తగరంతోపాటు సీసం కలిపేవాళ్లు ఉన్నారు. చింతపండు పులుసు అందులో కాచకు.

వచ్చే వారం మీ అత్తగారు రాజమండ్రి నుంచి వస్తున్నారన్నావు. రాగానే నీళ్ల గిన్నె పొయ్యి మీద పెడతారు. ఆవిడను వద్దనకు, ఫిల్టరు నీళ్లే కాచమని చెప్పు. ఆదివారం ఉదయం మేమిద్దరం వస్తాం. అయస్కాంతం నేను తెస్తాను, మీటరు ముందున్న అట్టపెట్టెలు నువ్వు తీయించి ఉంచు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ