గడప దగ్గర ప్రశ్న

(ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటింటి సర్వేల్లో ఇన్వెస్టిగేటరుగా, సూపర్‌వైజరుగా ఊళ్ళు తిరిగి, ఇప్పుడు గుడివాడలో ఉంటున్న మా కాలమిస్టు ఈ నెల సర్వే చేయబోయేవాళ్ళ ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్ర: మేడమ్, మహిళా సంఘాల సభ్యుల అప్పుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. సభ్యులేమో లక్షల్లో ఉన్నారు. మా గైడ్ గారు "384 మందిని అడుగు, చాలు" అన్నారు. ఎక్కడిదీ 384? నిజంగా చాలుతుందా?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జ: ఈ 384 లేని థీసిస్ నేను చూడలేదు తల్లీ! అదేం మంత్రం కాదు. నూటికి తొంభై అయిదు సార్లు మనకొచ్చిన శాతం అసలు శాతానికి 5 పాయింట్లు అటూ ఇటూలో పడాలంటే ఎంతమంది కావాలో కడితే వచ్చే అంకె అది. మొత్తం పదివేల మంది ఉంటే 370 వస్తుంది, పది లక్షల మంది ఉంటే 384. జనం వంద రెట్లు పెరిగితే మనం అదనంగా తలుపు తట్టేది పధ్నాలుగు ఇళ్ళే. కాబట్టి జిల్లా పెద్దదని టెన్షన్ పడకు.

టెన్షన్ పడాల్సింది ఇంకోచోట. జాబితాలో ఉన్న ప్రతి మనిషికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉంటేనే ఆ లెక్క చెల్లుతుంది. బస్సు ఆగే నాలుగు ఊళ్ళు చూసుకుని ఊరికి 96 మందిని అడిగావనుకో, కాగితం మీద 384 అవుతుంది గానీ లెక్కలో కాదు. ఒకే ఊళ్ళో ఒకే బ్యాంకులో అప్పు తెచ్చుకున్నవాళ్ళ కథలు ఒకలాగే ఉంటాయి. నలభై ఊళ్ళు తీసుకుని ఊరికి పదిమంది చొప్పున అడుగు. చెప్పులు అరుగుతాయి, తప్పదు.

అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలంటారు. శాంపిల్ పాఠం చెప్పేవాళ్ళకి ఈ సామెత మహా ఇష్టం. నాకు మాత్రం పడదు. ఊరు కలియబెట్టిన గిన్నె కాదు. రామాలయం దగ్గర మొదలుపెట్టి కుడిచేతి వైపు ప్రతి అయిదో ఇల్లూ అనుకుంటూ నడిస్తే, ఊరికి అవతలగా ఉన్న ఎస్సీ కాలనీ చేరేలోపు నీ ఫారాలు అయిపోతాయి. ముందు ఊరంతా, చివరి ఇంటిదాకా తిరిగి పటం గీసుకో. ఏ వాడలో ఎన్ని ఇళ్ళున్నాయో రాసుకున్నాక ఇళ్ళు ఎంచుకో.

ఇంకో సంగతి. జాబితా కోసం వీఓఏ (ఊళ్ళో సంఘాల పనులు చూసే సహాయకురాలు) దగ్గరికి వెళ్తావు. ఆమె ప్రేమగా "ఈ సంఘం మంచిగ నడుస్తది, వీళ్ళ దగ్గరికి పోదాం పా" అంటుంది. వెళ్ళకు. ఇచ్చిన టీ తాగి, పేర్లన్నీ చీటీల మీద రాసి ఆమె చేతే తీయించు. తాను తీసిన చీటీ కాబట్టి ఆమెకీ కోపం రాదు.

ప్ర: ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి ముందుగా పదిహేను మందిని అడిగి చూశాను. "చాలా సంతృప్తి" నుంచి "ఏమాత్రం సంతృప్తి లేదు" వరకు అయిదు గడులు. పదమూడు మంది "పరవాలేదు" అన్నారు. ఏం చేయాలో తోచడం లేదు.
– ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థి, తిరుపతి

జ: ఆరువందల ఫారాలు అచ్చు వేయించాక తెలిసి ఉంటే ఏం చేసేవాడివి నాయనా? పదిహేను మందితోనే బయటపడ్డావు.

"పరవాలేదు" అనేది జవాబు కాదు, మర్యాద. ఆస్పత్రి ఎలా ఉందమ్మా అంటే తలూపుతూ గబుక్కున "పరవాలేదు" అందంటే బాగుందని. గొంతు తగ్గించి "ఆఁ... పరవాలేదులే" అందంటే బాగాలేదు, నువ్వెవరో తెలియదు కాబట్టి చెప్పను అని. రెండింటికీ నువ్వు మధ్య గడిలోనే టిక్కు పెడతావు. అందుకని సంతృప్తి మాట పక్కన పెట్టి జరిగింది అడుగు. కిందటిసారి ఆస్పత్రికి ఎప్పుడెళ్ళారు? డాక్టరు చూశారా, నర్సే చూసి పంపిందా? మందులు అక్కడే ఇచ్చారా, బయట కొనుక్కోమన్నారా? ఇవి అడిగేసరికి, సంతృప్తి సంగతి అడక్కుండానే చెప్పేస్తుంది.

నీ ప్రశ్నల్లో "కదా" ఎక్కడుంటే అక్కడ కొట్టేయ్. "పిల్లల్ని బడికి పంపుతున్నారు కదా?" అంటే లేదనే తల్లి ఎక్కడుంటుంది? నీ ఏడో ప్రశ్న "మీ ఊళ్ళో రోడ్లు, మంచినీళ్ళు బాగున్నాయా?" అని ఉంది. రోడ్డు బాగుండి నీళ్ళు రాని ఊరివాడు ఏం చెప్పాలి? దాన్ని రెండు చెయ్యి.

"మీ కుటుంబంలో ఎంతమంది?" అని రాశావు. పెద్దకొడుకు అదే ఇంట్లో వెనక గదిలో వేరు కాపురం ఉంటాడు, చిన్నకొడుకు హైదరాబాదులో ఉంటూ నెలనెలా డబ్బు పంపుతాడు. ముసలమ్మ ఇద్దర్నీ కలిపే చెబుతుంది, ఆమె దృష్టిలో అదే కుటుంబం. మా ఫారాల్లో మాత్రం ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళే ఒక కుటుంబం. అందుకే నేను "ఈ పొయ్యి మీద ఎంతమందికి వండుతారమ్మా?" అనేదాన్ని. వేరుపడ్డ సంగతి మాటల్లో దానంతటదే వచ్చేది.

పని గురించి అడిగేటప్పుడు మరీ జాగ్రత్త. "మీరేం పని చేస్తారు?" అంటే "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంటారు ఆడవాళ్ళు. ఓసారి ఒకావిడ నాతో ఈ మాట అంటున్నప్పుడు ఆమె ఒళ్ళో చేట ఉంది, చేటలో బీడీ ఆకులున్నాయి. మాట్లాడుతూనే చుడుతోంది, ఒక్కసారి కూడా చేతివైపు చూసుకోలేదు. నేనప్పటికే "పని లేదు" గడిలో టిక్కు పెట్టేశాను! కొట్టేసి "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో వరసగా చెప్పండి" అన్నాను. పాలు పితకడం, కూలికి కలుపు తీయడం, రాత్రి పదింటిదాకా బీడీలు. అన్నీ చెప్పి, "ఇవి పనేంటండీ" అని నవ్వింది. దేశమంతటా రోజును అరగంటలుగా విడగొట్టి ఇలాగే అడిగే సర్వే 2019లో జరిగింది. నేను చేట చూసి నేర్చుకున్నాను.

భూమి దగ్గర నేను చేసిన తప్పు కూడా చెప్పేస్తాను. మాది కృష్ణా జిల్లా, మాకు ఎకరమంటే వంద సెంట్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నల్గొండ వైపు పంపారు. అక్కడి రైతు "రెండెకరాల ఇరవై గుంటలు" అంటే ఫారంలో 2.20 అని రాసుకున్నాను. ఎకరానికి నలభై గుంటలని తెలుసు, రాసేటప్పుడు చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం పోయింది. అది 2.20 కాదు, రెండున్నర. వారం రోజులు, అరవై పైచిలుకు ఫారాలు! పట్టుకున్నది మా డేటా ఎంట్రీ కుర్రాడు. మళ్ళీ బస్సెక్కి ఇల్లిల్లూ తిరిగాను. ఎకరాలకో గడి, గుంటలకో గడి, సెంట్లకో గడి విడిగా పెట్టు. వడ్లు పుట్లలో చెబితే ఆ ఊరి పుట్టి ఎన్ని కిలోలో అక్కడే అడిగి రాసుకో, అన్నిచోట్లా ఒకటి కాదు.

వయసులు యాభై, యాభై అయిదు, అరవై అనే చెబుతారు, మధ్య అంకెలు ఎవరికీ గుర్తుండవు. మా వైపు పెద్దవాళ్ళని "దివిసీమ ఉప్పెనప్పటికి మీకు పెళ్ళయిందా? పెద్దవాడు పుట్టాడా?" అని అడిగి, 1977 నుంచి లెక్క కట్టుకునేవాళ్ళం. మీ చిత్తూరు వైపు ఏం గుర్తో అక్కడి పెద్దల్నే అడుగు. "గత పన్నెండు నెలల్లో" అనొద్దు, "పోయిన ఉగాది నుంచి" అను.

ఎన్ని రోజుల ఖర్చు అడుగుతున్నామన్నది కూడా చిన్న విషయం కాదు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చొరవతో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఏళ్ళ తరబడి తిండి ఖర్చుని నెలరోజులకే అడిగింది. 1999-2000లో అదే ఇంట్లో, అదే ఫారంలో వారం ఖర్చునూ నెల ఖర్చునూ పక్కపక్కనే అడిగారు. వారానికి ఇంతని చెప్పిన మనిషి, నెల లెక్కనీ దానికి సరిపోయేట్టు పెంచి సర్దుకుంటుంది కదా. దేశంలో పేదరికం నిజంగా తగ్గిందా, ప్రశ్న మారడంవల్ల తగ్గినట్టు కనబడుతోందా అని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

ప్ర: మా విద్యార్థులు గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పంపితే నాలుగు రోజుల్లో 1,150 జవాబులొచ్చాయి. ఇంకా ఇంటింటికీ తిరగడం దేనికండీ?
– డిగ్రీ కాలేజీ లెక్చరర్, హైదరాబాద్

జ: 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి నమూనా ఓటు కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని చూసి లాండన్ గెలుస్తాడని అచ్చు వేసింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలుచుకున్నాడు. వాళ్ళు చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కారు రిజిస్ట్రేషన్ల నుంచి. ఆ కరువు రోజుల్లో అవి ఎవరింట్లో ఉంటాయి? పైగా, కార్డు పనిగట్టుకుని తిరిగి పంపినవాళ్ళూ పంపనివాళ్ళూ ఒకలా ఆలోచించరు. అదే ఎన్నికలో అంతకంటే ఎంతో తక్కువమందిని అడిగిన గాలప్ అనే సర్వే నిపుణుడు సరిగ్గా చెప్పాడు.

మీ 1,150 మంది ఎవరో మీకు తెలుసా సార్? మీ విద్యార్థులు, వాళ్ళ కజిన్లు, వాళ్ళ అపార్టుమెంటు గ్రూపు. వాళ్ళ గురించి రాయండి, తప్పులేదు. "తెలంగాణ యువత అభిప్రాయం" అని మాత్రం పేరు పెట్టకండి.

ప్ర: మద్యం అలవాటు మీద మా గ్రామాల్లో సర్వే చేస్తున్నాం. మగవాళ్ళెవరూ ఒప్పుకోవడం లేదు. భార్య పక్కనే ఉంటుంది మరి!
– స్వచ్ఛంద కార్యకర్త, శ్రీకాకుళం

జ: ముందు ఆయన్ని వేపచెట్టు కిందికో, పశువుల పాక దగ్గరికో తీసుకెళ్ళండి. సగం సమస్య తీరుతుంది.

మిగతా సగానికి ఒక ఉపాయం ఉంది. ఈ ఆలోచనకి మూలం 1965లో వార్నర్ అనే అమెరికన్ ప్రచురించిన పద్ధతి. మీరు అడుగుతున్న మగమనిషి చేతికి రూపాయి బిళ్ళ ఇచ్చి, అటు తిరిగి మీకు కనబడకుండా ఎగరేయమనండి. బొమ్మ పడితే, తాగినా తాగకపోయినా "అవును" అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. "అవును" అన్న మనిషి తాగుతాడో, బొమ్మ పడిందో మీకే తెలియదు, అందుకని ఆయనకి భయం ఉండదు. 200 మందిలో 140 మంది "అవును" అన్నారనుకోండి. సుమారు వందమందిది బొమ్మవల్ల వచ్చిన అవును. మిగిలిన వందమందిలో 40 మంది నిజంగా చెప్పినట్టు, అంటే దాదాపు 40 శాతం. ఏ ఒక్కరి సంగతీ తెలియదు, ఊరి సంగతి తెలుస్తుంది. సగం జవాబులు బిళ్ళకే పోతాయి కాబట్టి మామూలు కంటే ఎక్కువమందిని అడగాలి. నేను ప్రయత్నించినప్పుడు ఒక తాత "ఏందమ్మా, పొద్దున్నే జూదం ఆడిస్తున్నావు?" అన్నాడు. ముందు రెండుసార్లు ఉత్తుత్తిగా ఆడి చూపించాల్సి వచ్చింది.

ప్ర: నా కింద ఆరుగురు ఇన్వెస్టిగేటర్లున్నారు. ఒకరు అసలు ఊళ్ళోకి వెళ్ళకుండానే ఫారాలు నింపుతున్నారని అనుమానం. ఎలా పట్టుకోవాలి?
– ప్రాజెక్టు అసిస్టెంటు, విశాఖపట్నం

జ: పదింట ఒక ఇంటికి నువ్వు మళ్ళీ వెళ్ళి మూడే ప్రశ్నలు అడుగు, ఎవరైనా వచ్చారా అన్నది మొదటిది. దానికంటే ముందు ఫారాలు చూడు. నిజమైన ఫారం మీద కొట్టివేతలుంటాయి, చెమట మరకలుంటాయి, "తెలీదు"లుంటాయి.

నేనొక కుర్రాణ్ణి పట్టుకున్నది తాళాల వల్ల. నాట్ల రోజులు. ముప్పై ఇళ్ళు వరసగా చేశాడు, ఒక్క ఇంటికీ తాళం లేదట! అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బస్టాండులో కూర్చుని రాశాడు. రోజుకి పన్నెండు ఫారాలు టార్గెట్టు, ఒక్కో ఫారం గంటన్నర. పన్నెండు ఎలా అవుతాయో టార్గెట్టు పెట్టినవాళ్ళు లెక్క కట్టలేదు. అతన్ని తీసేయమన్నారు పైవాళ్ళు. నేను పోట్లాడి టార్గెట్టు అయిదుకి దింపించి, మళ్ళీ అదే ఊరికి, అవే ముప్పై ఇళ్ళకి పంపాను. ఈసారి పదకొండు ఇళ్ళకి తాళాలు కనబడ్డాయి.