పంపులు కొంటూనే ఉన్నాం, వార్డుల్లో మాత్రం దొరకడం లేదు

ప్రశ్న: మాది 150 పడకల ట్రస్టు ఆసుపత్రి. స్టాకు రిజిస్టరు ప్రకారం మా దగ్గర రోగికి మందును కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపులు 64 ఉండాలి. అయినా ఏటా కొత్త పంపులు కావాలంటూ వార్డుల నుంచి ఇండెంట్లు వస్తూనే ఉన్నాయి. గత నెలలో నేనే స్వయంగా తిరిగి లెక్కపెడితే 41 మాత్రమే కనిపించాయి. ఏ వస్తువు ఎక్కడుందో ఎప్పటికప్పుడు కంప్యూటరులో చూపించే ట్యాగులు పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుందని ఒక కంపెనీవారు చెబుతున్నారు. ట్రస్టీలకు ఏమని నివేదిక ఇవ్వమంటారు?
– ఒక పరిపాలనాధికారి, గుంటూరు జిల్లా

జవాబు: కనిపించని ఆ 23 పంపులూ దొంగల పాలయ్యాయని ముందే నిశ్చయించుకోకండి. కొన్నేళ్ల క్రితం నేను ఒక ఆసుపత్రిలో ఆస్తుల తనిఖీకి వెళ్లినప్పుడు, దుప్పట్లు పెట్టుకునే బీరువాలో పాత దిండ్ల వెనక మూడు పంపులు బయటపడ్డాయి. వాటి వైర్లు చక్కగా చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. వార్డు ఇన్‌చార్జి సిస్టరును అడిగితే, రాత్రి రెండు గంటలకు రోగికి మందు ఎక్కించాల్సి వస్తే పక్క వార్డులవారిని బతిమాలుతూ తిరగలేక దాచుకున్నానని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. అవసరానికి దొరకదన్న భయంతో ప్రతి వార్డూ రెండు మూడు దాచుకుంటుంది, అలా దాచుకోవడంతో నిజంగానే కొరత ఏర్పడుతుంది, ఆ కొరతను చూపించి స్టోరుకు మళ్లీ ఇండెంటు వెళుతుంది. ట్యాగుల వల్ల మీకు మిగిలే డబ్బులో ఎక్కువ భాగం ఈ అనవసరపు కొనుగోళ్లు ఆగడం వల్లే మిగులుతుంది.

ఇక మూలన పడ్డ యంత్రాలకు కట్టే ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం), బీమా సొమ్ము సంగతి. కేంద్ర ప్రభుత్వం 2015లో బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమాన్ని చేపట్టి ప్రభుత్వ ఆసుపత్రుల్లోని పరికరాలను లెక్క తీయించినప్పుడు, రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం దాకా పనిచేయని స్థితిలో ఉన్నట్టు తేలింది. మీ ఆసుపత్రిలో ఈ శాతం ఎంతో తెలియాలంటే రిజిస్టరులోని ప్రతి వస్తువునూ కళ్లారా చూసి నంబరు వేయించాలి, కండెమ్ చేయాల్సినవాటిని, అంటే ఇక పనికిరానివాటిని, కండెమ్ చేసి జాబితా నుంచి తీసేయాలి, అప్పుడే వాటికి కట్టే సొమ్ము ఆగుతుంది. ట్యాగులు కొనడానికి ముందే ఈ పని పూర్తికావాలి. తప్పుల రిజిస్టరును కంప్యూటరులోకి ఎక్కిస్తే ఆ తప్పులే స్క్రీను మీద కనిపిస్తాయి.

ట్యాగుల్లో రకాలున్నాయి. క్యూఆర్ స్టిక్కరు చవక, కానీ ఎవరో ఒకరు వస్తువు దగ్గరికి వెళ్లి ఫోనుతో స్కాన్ చేయాలి. ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు మీ కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ లాంటిదే. దానికి బ్యాటరీ అక్కర్లేదు, వార్డు గుమ్మం దగ్గర ట్యాగును చదివే రీడరు పెడితే పంపు అటుగా వెళ్లినప్పుడల్లా దానంతటదే నమోదవుతుంది. బ్లూటూత్ ట్యాగు ఏ గదిలో ఉందో కూడా చెప్పగలదు గాని, ఖరీదు ఎక్కువ, బ్యాటరీలు మార్చే పని అదనం. జీపీఎస్ అంబులెన్సులకే పనికొస్తుంది, కాంక్రీటు కప్పు కింద దాన్ని నమ్ముకోలేం.

కంపెనీవారు సాధారణంగా చెప్పని సంగతులు రెండున్నాయి. రేడియో తరంగాలు లోహాన్ని దాటలేవు. నేను చెప్పిన ఆ దుప్పట్ల బీరువా ఇనుపది. తలుపు మూస్తే లోపలి ట్యాగును ఏ రీడరూ చదవలేదు. గుమ్మం దగ్గర రీడరు ఉండి ఉంటే మాత్రం పంపు చివరగా ఏ వార్డులోకి వెళ్లిందో తెలిసేది, వెతుకులాట ఒక గదికి పరిమితమయ్యేది. లోహపు ఒళ్లున్న పరికరాలకూ ఆక్సిజన్ సిలిండర్లకూ ప్రత్యేకమైన ట్యాగులే వాడాలి. రెండోది ప్రాణాలకు సంబంధించినది. 2008లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక వైద్య కేంద్రంలో, రోగులు లేని గదిలో, ఆర్‌ఎఫ్‌ఐడీ పరికరాలను ఐసీయూ యంత్రాల దగ్గర పెట్టి 123 పరీక్షలు చేస్తే 34 సార్లు యంత్రాల పనికి అంతరాయం కలిగింది. అందులో 22 రోగికి ప్రమాదం తెచ్చేవేనని నిర్ణయించారు. అందువల్ల మీ ఐసీయూలో వాడే యంత్రాలన్నిటి దగ్గరా, రోగి లేని సమయంలో, మీ బయోమెడికల్ ఇంజనీరు ఎదుట పరీక్షించి చూపితేనే ఒప్పందం చేసుకోండి.

నా సలహా ఇది: మొదటి ఆరు నెలలు సిరంజి పంపులకే ట్యాగులు పెట్టండి. ప్రతి గుమ్మానికీ రీడరు కొనకుండా, చేత్తో పట్టుకుని తిరిగే రీడరు ఒకటి, ఐసీయూ గుమ్మానికి ఒకటి తీసుకోండి. పంపులన్నీ ఒకే గదిలో శుభ్రం చేసి, చార్జింగు పెట్టి, రాత్రిపూట కూడా అడిగిన వెంటనే ఇచ్చే ఏర్పాటు చేయండి. దాచుకోవాల్సిన అవసరం అప్పుడే పోతుంది. కొత్త పంపుకు ఇండెంటు వచ్చినప్పుడు, ఉన్నవన్నీ వాడుకలో ఉన్నాయని స్క్రీను మీద చూసిన తరువాతే సంతకం చేయండి. అలా ఎన్ని ఇండెంట్లు వెనక్కి వెళ్లాయో రాసిపెట్టుకుని, ఆ మొత్తాన్ని ట్యాగులు, రీడర్లు, ఏటా కట్టే సాఫ్ట్‌వేర్ రుసుముతో పోల్చి ట్రస్టీల ముందు పెట్టండి. మిగులు కనిపించకపోతే మిగతా వస్తువులకు విస్తరించకండి.

ప్రశ్న: మా ఆసుపత్రిలో మానిటర్లకు, చక్రాల కుర్చీలకు ట్యాగులు పెడుతున్నారు. పోయిన వస్తువు ఖరీదును మా జీతాల్లోంచి కోస్తారేమోనని భయంగా ఉంది.
– ఒక స్టాఫ్ నర్సు, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ భయం అర్థం చేసుకోదగినదే. ట్యాగు వస్తువు ఏ గుమ్మం దాటిందో చెబుతుందే గాని, దాన్ని ఎవరు తోసుకెళ్లారో చెప్పదు. ఆ సమాచారాన్ని జరిమానాలకు వాడడం మొదలుపెడితే ట్యాగులు ఊడిపోవడం కూడా మొదలవుతుంది, పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది. ఈ మాట మీ యాజమాన్యానికి గట్టిగా చెప్పాలి. వస్తువులు వెతకడానికి తప్ప మరి దేనికీ ఈ సమాచారాన్ని వాడబోమని రాతపూర్వకంగా ఇవ్వమని మీరంతా కలిసి కోరండి. దాంతోపాటు స్క్రీనును నర్సింగ్ స్టేషన్‌లోనే పెట్టమని అడగండి. తాళం వేసిన స్టోరు గదిలో అది ఉంటే, నైట్ డ్యూటీలో మానిటరు కోసం మెట్లెక్కి దిగే మీకు దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.