‘ది కెయిన్ మ్యూటినీ’లో కేసు గెలిచిన న్యాయవాది తన కక్షిదారులనే ఎందుకు నిందిస్తాడు?

1954 నాటి ఈ చిత్రంలో, కోర్టు మార్షల్‌లో (సైనిక న్యాయ విచారణలో) ‘కెయిన్’ అనే యుద్ధనౌక కెప్టెన్ క్వీగ్‌ను నిలదీసి కేసు గెలిచిన న్యాయవాది గ్రీన్‌వాల్డ్, ఆ రాత్రే విందుకు వచ్చి తాను కాపాడినవారినే ఎందుకు తిడతాడని, అది ఆనాటి అమెరికా రాజకీయాల ప్రభావమేనా అని మీరు అడిగారు. ప్రభావం ఉందనే నా అభిప్రాయం. అయితే దాన్ని చిత్రంలో చేర్చిన మాటల్లో కంటే, దానికి మూలమైన నవల నుంచి తీసేసిన మాటల్లో వెతకాలి.

నేను నౌకాదళంలో పనిచేసి విశాఖపట్నంలో స్థిరపడ్డవాణ్ణి. ఈ చిత్రాన్ని మొదటిసారి ఉద్యోగంలో ఉండగానే తోటివారితో కలిసి చూశాను. అందరూ తుఫాను సన్నివేశం గురించే వాదించుకున్నారు. నౌకల సమూహానికి నిర్దేశించిన దిశను విడవకూడదని క్వీగ్ పట్టుబడతాడు. గాలికి ఎదురుగా తిప్పకపోతే ఓడ దక్కదని అతని కింది అధికారి మేరిక్ అధికారాన్ని తన చేతిలోకి తీసుకుంటాడు. ఆ తిరుగుబాటుకే అతనిపై కోర్టు మార్షల్ జరుగుతుంది. 1944 డిసెంబరులో పసిఫిక్ తుఫానులో అమెరికా మూడు డెస్ట్రాయర్లనూ (వేగంగా వెళ్ళే యుద్ధనౌకలను) దాదాపు 790 మందినీ కోల్పోయింది. బంగాళాఖాతంలో వాయుగుండం నడుమ ఓడ ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ లేవడానికి తాత్సారం చేసే ఆ క్షణాలను అనుభవించిన వారెవరూ మేరిక్‌ను తేలికగా తప్పుపట్టలేరు.

నన్ను కదిలించినది మాత్రం అంతకు ముందు వచ్చే చిన్న సన్నివేశం. తీరంపై దాడికి వెళ్తున్న చిన్న పడవలకు దారి చూపవలసిన క్వీగ్, భయపడి, గుర్తు కోసం పసుపు రంగును నీళ్ళలో వదిలేసి ఓడను ముందే వెనక్కి తిప్పేస్తాడు. ఆ తరువాత వార్డ్‌రూమ్‌లో, అంటే ఓడలో అధికారులు కూర్చునే గదిలో, అధికారులను కూర్చోబెట్టి, తప్పు ఒప్పుకున్నట్టూ ఒప్పుకోనట్టూ మాట్లాడుతూ, కెప్టెన్‌కు కూడా ఒక్కొక్కప్పుడు సాయం కావాలని అంటాడు. ఎవరూ నోరు విప్పరు. పైఅధికారి తడబడుతున్నాడని తెలిసినా, మనకెందుకులే అని తల దించుకుని కూర్చున్న గదుల్లో నేనూ ఉన్నాను కనుక, ఆ మౌనం ఎంత సహజమో, ఎంత హాని చేస్తుందో నాకు తెలుసు. విందులో గ్రీన్‌వాల్డ్ ఎత్తిచూపేది దాన్నే. ఆనాడు మీరు చేయందిస్తే తుఫానులో ఆ తిరుగుబాటు అవసరమే అయ్యేది కాదేమో అన్న అతని వాదనలో నిజం ఉంది.

అయితే అతని కోపానికి నవలలో మరో మూలం ఉంది. పసిఫిక్‌లో మైన్‌స్వీపర్లుగా (సముద్రపు మందుపాతరలు తొలగించే ఓడలుగా) మార్చిన డెస్ట్రాయర్లపై స్వయంగా పనిచేసిన హెర్మన్ వోక్ 1951లో ఆ నవల రాశాడు. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో గ్రీన్‌వాల్డ్ యూదుడు. మనం చదువుల్లో, సంపాదనలో ఉన్నప్పుడు క్వీగ్ లాంటివాళ్ళు యూనిఫాం వేసుకుని నిలబడబట్టే నా తల్లి నాజీల చేతిలో పడి చావలేదని అతడు అంటాడు. చిత్రంలో కృతజ్ఞత మిగిలింది కానీ ఆ తల్లి ప్రస్తావన పోయింది. కారణం పోయాక మిగిలినది, కెప్టెన్ నచ్చినా నచ్చకపోయినా ఆ పదవిలో ఉన్నాడు కాబట్టి కట్టుబడి ఉండాలన్న మాట. 1954 అమెరికాలో ఆ మాట వినడం వేరు.

ఎందుకంటే దర్శకుడు ఎడ్వర్డ్ డిమిట్రిక్, కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీకి జవాబివ్వనందుకు జైలుకు వెళ్ళిన పదిమంది హాలీవుడ్ వారిలో ఒకడు. 1951లో మళ్ళీ హాజరై సహచరుల పేర్లు చెప్పాకే అతనికి దారి తెరుచుకుంది. గ్రీన్‌వాల్డ్‌గా నటించిన హోసే ఫెరర్‌ను కూడా అదే ఏడాది ఆ కమిటీ పిలిచింది. క్వీగ్‌గా నటించిన హంఫ్రీ బోగార్ట్ 1947లో ఆ విచారణలకు నిరసనగా వాషింగ్టన్ వెళ్ళి, మరుసటి ఏడాది తాను కమ్యూనిస్టును కానని పత్రికలో ప్రకటించవలసి వచ్చింది. చిత్రం విడుదలైన జూన్ నెలలోనే, సైన్యానికీ, కమ్యూనిస్టుల వేటకు పేరుపడ్డ సెనేటర్ మెకార్థీకీ మధ్య టెలివిజన్‌లో దేశమంతా చూసిన విచారణలు ముగిశాయి.

ఇక నౌకాదళ సహకారం. నిజమైన ఓడలూ రేవులూ కావాలంటే వారిని ఒప్పించక తప్పదు. అమెరికా నౌకాదళపు ఓడలో తిరుగుబాటు ఎన్నడూ జరగలేదని చిత్రం మొదట్లోనే తెరపై అక్షరాలు వేశారు, చివర్లో చిత్రాన్ని ఆ దళానికే అంకితమిచ్చారు. ఇలాంటి చోట నింద కెప్టెన్ మీద నుంచి జారి, అందరినీ రెచ్చగొట్టి సాక్ష్యంలో తప్పించుకున్న, రచయిత కూడా అయిన ఓడ అధికారి కీఫర్ మీద పడటం అందరికీ అనుకూలమైంది. అతని పిరికితనం నిజమే. కానీ పుస్తకాలు రాసేవాణ్ణి అనుమానంగా చూడటం ఆనాటి గాలిలోనే ఉంది. దీనంతటి మధ్య సాక్షిపీఠంలో ఉక్కు గోళీలు చేతిలో తిప్పుతూ కుప్పకూలే బోగార్ట్ ముఖం మాత్రం ఏ పక్షానికీ లొంగలేదని నా నమ్మకం.

వీలైతే అదే ఏడాది వచ్చిన ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ కూడా చూడండి. దాని దర్శకుడు ఎలియా కజాన్ కూడా ఆ కమిటీకి పేర్లు చెప్పినవాడే. అక్కడ కథానాయకుడు సాక్ష్యం చెప్పి నిలుస్తాడు. రెండూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు పోటీపడగా అదే గెలిచింది. రెండింటినీ విడుదల చేసింది కొలంబియా సంస్థే.